ఇంటి యంత్రములు: రికార్డు పాటలో రొద

ఇటీవల మా యింట రికార్డు ప్లేయరును ఆంప్లిఫైయరునకు కలిపి, పాత కీర్తన వినవలెనని కూర్చుంటిమి. కీర్తనకు ముందే తుమ్మెద రొదవంటి గుయ్యిమను ధ్వని బయలుదేరెను. సూదిని పైకెత్తినను మానలేదు. కావున దోషము రికార్డునందు లేదని గ్రహించితిమి.

సూదివద్ద పుట్టు విద్యుత్తు మిక్కిలి స్వల్పము. సాధారణముగా వోల్టులో వేయింట కొద్ది పాళ్లు మాత్రమే యుండును. దానిని ఆంప్లిఫైయరు తొలుతనే సుమారు 100 రెట్లు పెంచును. మన యిండ్లలోని కరెంటు సెకనునకు 50 మారులు ఊగులాడును. ఆ ఊపు పాటతీగకు రవంత సోకినను, అదియు పాటతోపాటు పెరిగి వినబడును.

మొదట సూదిగల లోహపుచేతిని వ్రేలితో తాకి చూడవలెను. రొద మారినచో ఎర్తుతీగను అనుమానింపవలెను. స్విచ్చి కట్టివేసి, ప్లేయరు వెనుకనుండి వచ్చు సన్నని తీగను ఆంప్లిఫైయరు ఎర్తుమరకు గట్టిగా బిగింపవలెను. మా యింట వదులైనది ఆ మరయే.

అప్పటికిని మానకున్నచో రెండు యంత్రములను ఒకే స్విచ్చిబోర్డునకు తగిలింపవలెను. వేర్వేరు గోడలనుండి ఎర్తు వచ్చినచో వాని నడుమ వలయమేర్పడి రొద కలుగును. పాటతీగలను కరెంటుతీగలకు ఎడముగా నుంచవలెను.

ఒక హెచ్చరిక. కొందఱు రొద పోవునని మూడు పిన్నుల ప్లగ్గులోని లావుపాటి ఎర్తుపిన్నును తొలగింతురు. రొద పోవచ్చును. కాని ఏనాడైన లోపలి తీగ తెగి ఇనుపపెట్టెకు తగిలెనేని, పెట్టెను ముట్టిన బిడ్డ శరీరమే కరెంటునకు దారి యగును. సన్నని తీగను మీరే సవరించుకొనుడు. లావుపిన్ను జోలికి మాత్రము ఎవ్వరిని పోనీయకుడు.