నూటికి నెలకెంత?

మనవాళ్లకు అప్పు లెక్కలు తెలియవని, ఆర్థిక అక్షరాస్యత లేదని వేదికలెక్కి చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నూటికి నెలకు 2 రూపాయలంటే ఏడాదికి 24 అని బడి మొహం చూడని అవ్వ కూడా టక్కున చెబుతుంది. పావలా వడ్డీకీ రూపాయి వడ్డీకీ తేడా డ్వాక్రా సంఘంలో ఎవరినడిగినా తెలుసు. అప్పిచ్చేవాళ్లే ఆ లెక్కను మనకు అందకుండా దాస్తున్నారు.

క్రెడిట్ కార్డు బిల్లు 50,000 వచ్చిందనుకోండి. కింద మినిమమ్ డ్యూ 2,500 అని ఉంటుంది. అది కట్టేసి హమ్మయ్య అనుకుంటాం. నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ సుమారు 1,750. దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే మరో 315. కట్టిన రెండున్నర వేలలో అసలుకు జమ పడేది 435 రూపాయలు! పైగా పాత బాకీ పూర్తిగా తీరేదాకా, కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ గీకిన రోజు నుంచే వడ్డీ. ఊళ్లో ఎవరైనా మూడున్నర రూపాయల వడ్డీ అడిగితే దుమ్మెత్తిపోస్తాం. కార్డు చేతిలో పెట్టినవాణ్ని మాత్రం ఎందుకు నిలదీయం?

ఫ్లాట్ వడ్డీ మరో మోసం. లక్ష రూపాయలు 12 శాతం ఫ్లాట్ మీద ఏడాదికి తీసుకుంటే నెలకు 9,333 చొప్పున కట్టాలి. రూపాయి వడ్డీయే కదా అనిపిస్తుంది. ఆరు నెలలకు సగం అసలు తీరిపోయినా వడ్డీ మొత్తం లక్ష మీదే నడుస్తుంది కనుక, నిజంగా పడేది రూపాయి ముప్పావలా పైనే. ఈ గుట్టు విప్పే కాగితం ఒకటుంది, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్. 2024 అక్టోబరు నుంచి కొత్త రిటైల్ రుణాలకు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు దాన్ని అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఇచ్చి, విడమరచి చెప్పాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. అందులోని ఏపీఆర్‌ను, అంటే ఖర్చులన్నీ కలిపిన వార్షిక వడ్డీ శాతాన్ని, 12తో భాగించండి, మనకు తెలిసిన రూపాయల వడ్డీ వచ్చేస్తుంది. తెలుగులోనే కావాలని అడగండి. మొహమాటం వద్దు.

ఇక సిబిల్ (క్రెడిట్ స్కోరు) పాడవుతుందని బెదిరించడం మరీ దుర్మార్గం. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉండే ఒక అంకె, అంతే. దేశంలోని నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికోసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇచ్చి తీరాలి. మన నివేదిక మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. తప్పుందని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం మన హక్కు.

సంతకానికి ముందు ఒక్క ప్రశ్న వేయండి: నూటికి నెలకెంత? జవాబు సూటిగా రాకపోతే పెన్ను మూసి లేచి వచ్చేయండి.