నవ్వని మొహం

పోయినేడు బక్రీద్‌కి మా చిన్నోడు మేక కోసం ఏడ్చి ఏడ్చి బిర్యానీ ముట్టలేదు. ఈసారి వాడికి తఖ్రీర్ చెప్పే బదులు ఒక మూకీ సినిమా చూపించాను. బస్టర్ కీటన్ 1925లో తీసిన ‘గో వెస్ట్’. డైలాగులు లేవు కదా, మా అమ్మీ కూడా వచ్చి కూర్చుంది. మధ్యలో వచ్చే ఇంగ్లీషు అక్షరాలు నేనే ఉర్దూలో చదివి చెప్పాను.

నా అన్నవాళ్ళు లేని ఒక గరీబ్ అమెరికాలో పడమటికి పోయి పశువుల దగ్గర నౌకరీకి కుదురుతాడు. బ్రౌన్ ఐస్ అనే ఆవు గిట్టలో ఇరుక్కున్న రాయి తీస్తాడు. అది వాణ్ని ఎద్దు నుంచి కాపాడుతుంది. ఇక దోస్తీ! దానికి వాత పెట్టాల్సి వస్తే మనసొప్పక, సబ్బు నురగ రాసి రేజరుతో వెంట్రుకల మీదే గుర్తు గీస్తాడు. మేం పడీపడీ నవ్వాం.

కీటన్ మాత్రం నవ్వడు. పేకాటలో మోసం పట్టుకున్నందుకు ఒకడు తుపాకీ గురిపెట్టి నవ్వమంటాడు. పాపం, రెండు వేళ్ళతో పెదవుల చివర్లు పైకి నెడతాడు. అంతకంటే రాదు వాడికి. “మీ అబ్బా నిఖా ఫోటోలో అచ్చం ఇట్లనే ఉన్నారు” అంది అమ్మీ.

కీటన్ సినిమాల్లో ఇది మరీ జజ్బాతీ అనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. మందనంతా లాస్ ఏంజెలెస్ వీధుల గుండా తోలుకెళ్ళి స్టాక్‌యార్డులో అప్పజెప్పేది వాడే. ఏం కావాలన్నా ఇస్తానని యజమాని అంటే, అడిగింది ఆ ఒక్క ఆవునే. మిగతావాటి గతి ఏమిటో మనకి తెలుసు, వాడికీ తెలుసు. సినిమా దాన్ని దాచలేదు, నసీహత్ కూడా చెయ్యలేదు. ప్రేమగా పెంచి ఎలా కోస్తారని ఏటా మనల్ని అడిగేవాళ్ళు ఈ మనిషిని ఏమంటారో! రెహమ్ లేనివాడనగలరా?

మా అబ్బా ఖుర్బానీ ముందు మేకకి తన చేత్తో నీళ్ళు పట్టేవారు. కత్తి దాని కంట పడకుండా వెనక దాచుకునేవారు. ఆయన కంట్లో నీటిచుక్క నేనెన్నడూ చూడలేదు. కానీ ఆ రోజు జొహర్ దాకా ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. అది కోపమనుకుని మేం దూరంగా తిరిగేవాళ్ళం. ఎంత తెలివితక్కువ!

ఈ సంగతి సినిమా అయ్యాక చిన్నోడికి చెప్పాను. కాసేపు ఊరుకుని, ఈసారి నీళ్ళు తనే పడతానన్నాడు. బిర్యానీ సంగతి ఇంకా తేల్చలేదు.