పెంపకం పేరుతో దోపిడీ వద్దు

1835లో గలపాగస్‌లోని శాంటియాగో దీవిలో దిగిన చార్లెస్ డార్విన్‌కు గుడారం వేసుకోవడానికి చోటు దొరకడమే కష్టమైంది. నేలంతా ఇగ్వానాల బొరియలే. మీటరుకు పైగా పెరిగే ఈ పసుపు వన్నె తొండలు ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి ఆ దీవిలో కనుమరుగయ్యాయి. మనుషులు తెచ్చి వదిలిన పందులు వాటి గుడ్లను తవ్వి తిన్నాయి. మేకలు పచ్చదనాన్ని ఊడ్చేశాయి. ఈక్వడార్ ప్రభుత్వం ముందు ఆ పందులను, మేకలను పూర్తిగా ఏరివేసింది. ఆ తర్వాతే, 2019 జనవరిలో, నార్త్ సీమోర్ దీవి నుంచి 1,436 ఇగ్వానాలను తెచ్చి శాంటియాగోలో వదిలింది. ఇప్పుడవి అక్కడే సంతతిని పెంచుకుంటున్నాయి.

నార్త్ సీమోర్‌లో ఇగ్వానాలు సహజంగా ఉండేవి కావు. 1930ల తొలినాళ్లలో ఒక యాత్రా బృందం పక్కనున్న బాల్ట్రా దీవి నుంచి వాటిని పట్టి తెచ్చి అక్కడ వదిలింది. ఆ తర్వాత బాల్ట్రాలో జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. 1970లలో ఇసబెలా, శాంటాక్రజ్ దీవుల్లో ఊరకుక్కలు వందల ఇగ్వానాలను చంపేస్తే, బతికిన కొద్దిపాటి వాటిని కాపాడి సంరక్షణ కేంద్రంలో పెంచారు. అక్కడ పొదిగిన పిల్లలు తమను తాము కాచుకోగలిగేంత ఎదిగాక సొంత నేలకు పంపారు. 1991లో బాల్ట్రా కూడా మళ్లీ ఇగ్వానాల దీవి అయింది. బంధించి పెంచడం జాతిని నిలబెట్టగలదని ఇక్కడ రుజువైంది. అయితే ఆ బంధనానికి గడువు ఉంది, గమ్యం ఉంది.

ఇదే పని పేరుతో మరో వ్యాపారం నడుస్తోంది. 2012లో బాల్ట్రా విమానాశ్రయంలో ఒక జర్మన్ పౌరుడి సూట్‌కేసులో గుడ్డల్లో చుట్టిన నాలుగు నేల ఇగ్వానాలు దొరికాయి. అతనికి కోర్టు నాలుగేళ్ల జైలు విధించింది. అలా పట్టుబడకుండా దాటిపోయినవి ఏదో ఒక దేశంలో పిల్లలు పెడితే, ఆ పిల్లలు ‘బంధనంలో పుట్టినవి’ అన్న కాగితంతో దర్జాగా సంతకెక్కుతాయి. అరుదైన వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం ప్రకారం, తల్లిదండ్రులను చట్టబద్ధంగా సేకరించి ఉంటేనే ఆ ముద్ర చెల్లుతుంది. కాగితంపై సంతకం చేసే అధికారి ఆ మొదటి జంట ఎక్కడిదని అడగకపోతే, దొంగసొత్తు ఒక్క తరంలోనే సక్రమ సరుకైపోతుంది.

ప్రైవేటు పెంపకం వల్ల అడవి మీద ఒత్తిడి తగ్గుతుందని దాన్ని సమర్థించేవారు అంటారు. ఫారాల్లో వేల సంఖ్యలో పుట్టే ఆకుపచ్చ ఇగ్వానా విషయంలో ఇందులో కొంత నిజం ఉండొచ్చు. అరుదైన జాతుల విషయంలో ఈ వాదన నిలవదు. అక్కడ అరుదుదనమే ధర. రెండు మూడు జంటల నుంచి పుట్టినవాటిలో రక్తసంబంధీకుల కలయిక తప్పదు. ఏ దీవికి చెందినవో తెలియని వాటిని, ఏ రోగాలు మోసుకొస్తాయో తెలియని వాటిని తిరిగి ఆ దీవుల్లో వదలలేరు. ఫెర్నాండినా దీవిలో ఆడ ఇగ్వానాలు గుడ్లు పెట్టడానికి అగ్నిపర్వతం ఎక్కి, బిలంలోకి దిగి, వెచ్చని బూడిద నేలలో గుంతలు తవ్వుకుంటాయి. ముళ్లను నేలకు రుద్ది నాగజెముడు తింటాయి. గాజు పెట్టెలో తరతరాలు గడిపే ప్రాణికి ఈ బతుకు ఏ యజమానీ ఇవ్వలేడు.

ఇగ్వానాల మోజు మన నగరాలకూ చేరింది. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం సైటిస్ జాబితాలోని ప్రాణులను పెంచేవారు నమోదు చేసుకోవాలంటోంది. అందుకు నిబంధనలు 2024లో వచ్చాయి. నమోదు ఒక్కటే చాలదు, మూలం కూడా తేలాలి. తల్లిదండ్రుల వివరాలు చూపలేని అమ్మకందారుకు అనుమతి ఇవ్వకూడదు.

ఇసబెలాలోని వుల్ఫ్ అగ్నిపర్వతం మీద మాత్రమే బతికే గులాబీ ఇగ్వానాను శాస్త్రవేత్తలు 2009లో ప్రత్యేక జాతిగా ప్రకటించారు. అవి కొన్ని వందలే మిగిలాయి, పిల్లలను మచ్చిక తప్పి అడవిపాలైన పిల్లులు తినేస్తున్నాయి. వీటికి పెంపక కేంద్రం అవసరమైతే అది ఈక్వడార్ చేతుల్లో, ఆ దీవుల్లోనే, మళ్లీ ఆ కొండకే పంపే లక్ష్యంతో నడవాలి. పుట్టిన పిల్లలను సొంత నేలకు చేర్చేదే సంరక్షణ. మిగిలిందంతా వ్యాపారం. కొనేవారు ఉన్నంతకాలం సూట్‌కేసులు నిండుతూనే ఉంటాయి కాబట్టి, అరుదైన ప్రాణిని ఇంట్లో పెంచుకోవాలన్న ముచ్చటను దయచేసి మానుకోండి.