దారులు రెండు, వాన ఒక్కటే!

యాప్‌లో ‘పది నిమిషాల్లో డెలివరీ’ అని కనిపిస్తే ఆ సరుకు పక్క వీధిలోనే పుట్టిందేమో అనిపిస్తుంది. నిజానికి ఆ సబ్బు, ఆ బీపీ మాత్ర వందల కిలోమీటర్లు లారీలోనో రైల్లోనో ప్రయాణం చేసి మన వీధి దాకా వచ్చి ఉంటాయి. ఆ దారి తెగితే?

2024 సెప్టెంబర్ 1న చూశాం కదా! మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్–విజయవాడ హైవే మీదకి నీళ్లొచ్చాయి. అదే సమయంలో కేసముద్రం–ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. విజయవాడలో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచేస్తే తిండి, మందులు డ్రోన్లతో కూడా అందించాల్సి వచ్చింది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది తెలిసిన కథే. ఒక సర్వర్ పడిపోయినా పని ఆగకూడదని రెండోది పెడతాం. రెండూ ఒకే బిల్డింగ్‌లో ఉంటే మాత్రం, అది మునిగిన రోజు రెండూ పోతాయి. ఇక్కడా అంతే. రోడ్డుంది, రైలుంది. రెండింటి మీదా కురిసింది ఒకే వాన.

అందుకే వేరే వైపు నుంచి వెళ్లే దారి కావాలి. బీబీనగర్–నడికుడి–గుంటూరు రైలు మార్గం డబ్లింగ్‌కి 2023లో కేంద్రం ఓకే చెప్పింది. దీన్ని రద్దీ తగ్గించే పనిగానే చూస్తే సరిపోదు. వరద రోజుకి అది మన స్పేర్ టైరు.

పైగా రైలు పర్యావరణానికీ మేలే. టన్ను సరుకు మోయడానికి లారీ కన్నా చాలా తక్కువ ఇంధనం చాలు. 2020 మార్చిలో, లాక్‌డౌన్ వేళ, రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల ట్యాంకర్లతో ‘దూద్ దురంతో’ మొదలైంది. కాలుష్యం తగ్గించే దారే కష్టకాలంలోనూ ఆదుకుంది.

కానీ అన్నిసార్లూ ఇలా కలిసిరాదు. ఖర్చు తగ్గించాలంటే గోడౌన్‌లో సరుకు తక్కువ ఉండాలి. వరదని తట్టుకోవాలంటే కాస్త ఎక్కువే ఉండాలి. కంపెనీ లెక్కల్లో ఆ ‘కాస్త ఎక్కువ’ దండగ. మన అమ్మమ్మల లెక్కలో అది గాదెలో ధాన్యం, జాడీలో ఆవకాయ. అన్ని సరుకులూ అక్కర్లేదు గానీ ఇన్సులిన్, పసిపిల్లల పాలపొడి లాంటివైనా మునగని చోట, ఊరికి రెండు వైపులా నిల్వ ఉండాలి.

ఇల్లు కాలాక బావి తవ్వితే లాభం లేదు. మన వంతుగా, తొందర లేని వస్తువులన్నీ ఒకే ఆర్డర్‌లో పెడదాం. బండి తిరుగుడు తగ్గుతుంది. వానాకాలంలో ఇంట్లో వారానికి సరిపడా మందులు ఉంచుకుందాం. పది నిమిషాల్లో వచ్చే సరుకు ఆ వారం రాకపోవచ్చు.