తల లోపలి దెబ్బకు లెక్కెక్కడ?

శంషాబాద్ విమానాశ్రయానికి రెండు దారులున్నాయి. మెహిదీపట్నంలో ఎక్కి ఆరాంఘర్‌లో దిగే 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కార్లది. దాని మీదికి టూవీలర్లను రానివ్వరు. ఔటర్ రింగు రోడ్డు మీదా అంతే. అక్కడి వేగాన్ని బట్టి చూస్తే ఆ నిషేధం సబబే. అయితే విమానాశ్రయాన్ని నిలబెట్టే హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు, లోడర్లు, సెక్యూరిటీ గార్డులు చాలామందికి బండే ఆధారం. వాళ్లు అత్తాపూర్, ఉప్పర్‌పల్లి మీదుగా ఆ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల కింద నుంచి వచ్చి, గగన్‌పహాడ్, సాతంరాయి దగ్గర లారీల పక్కన, రాంగ్ రూట్లో ఎదురొచ్చే ఆటోలను తప్పించుకుంటూ డ్యూటీకి చేరాలి. పడితే పడేది వాళ్లే.

పడి చనిపోయినవారి లెక్క మన దగ్గర ఉంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయని, వారిలో సుమారు 44 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవారేనని, మృతుల్లో 50,029 మందికి హెల్మెట్ లేదని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. పడ్డాక లేచి, ప్యాంటు దులుపుకొని, వంగిన హ్యాండిల్ సరిచేసుకొని, ‘ఏం కాలే అన్నా, పోతా’ అని బండి స్టార్ట్ చేసినవాడు ఏ లెక్కలోనూ లేడు. మధ్యాహ్నానికి వాడి తల దిమ్మెక్కుతుంది. వెలుతురు చూడలేడు. కడుపులో తిప్పుతుంది. సూపర్‌వైజర్ ఇప్పుడే చెప్పిన మాట గుర్తుండదు. రాత్రి నిద్ర పట్టక ఇంట్లోవాళ్ల మీద కసురుకుంటాడు. దీన్నే డాక్టర్లు కంకషన్ అంటారు.

పుర్రె పగలదు, రక్తం కారదు. అదురుకు మెదడు లోపల ఊగిపోయి, దాని పనితీరు కొంతకాలం గాడి తప్పుతుంది. స్పృహ తప్పితేనే తలకు దెబ్బ తగిలినట్టని మనలో గట్టి నమ్మకం ఉంది. నిజానికి కంకషన్ అయినవారిలో స్పృహ తప్పేది పది మందిలో ఒక్కరు కూడా కాదు. సీటీ స్కాన్ సాధారణంగా మామూలుగానే ఉంటుంది. మెదడులో రక్తస్రావం ఉందేమో చూడటానికి తీసే స్కాన్ అది. ‘స్కాన్‌లో ఏం లేదు’ అనే మాట మన ఇళ్లలో ‘నీకేం కాలేదు’గా మారిపోవడం నన్ను బాధించే విషయం. ప్రపంచంలో ఏటా 5 నుంచి 6 కోట్ల మందికి మెదడు గాయాలవుతాయని, వాటిలో 90 శాతం ఇలాంటి స్వల్ప గాయాలేనని లాన్సెట్ న్యూరాలజీ కమిషన్ అంచనా. అంటే మనం లెక్కపెడుతున్నది మిగిలిన పది శాతంలోంచే.

కంకషన్ అనగానే రగ్బీ, అమెరికన్ ఫుట్‌బాల్ గుర్తుకు రావడం పడమటి దేశాల అలవాటు. మనకూ క్రికెట్ వల్లే ఈ మాట పరిచయమైంది. 2019 ఆగస్టులో లార్డ్స్‌ టెస్టులో బౌలర్ ఆర్చర్ బంతి బ్యాటర్ స్టీవ్ స్మిత్ మెడకు తగిలితే, మర్నాడు అతని బదులు లబుషేన్ బరిలోకి దిగాడు. కంకషన్ అయిన ఆటగాడి బదులు మరొకరిని దించవచ్చన్న కొత్త నిబంధన కింద టెస్టుల్లో అదే మొదటిసారి. ఆటగాడికి బదులు మనిషిని ఇచ్చారు. విమానంలోకి సూట్‌కేసులు ఎక్కించే కాంట్రాక్టు కుర్రాడి బదులు కూడా మనిషి వస్తాడు, కాకపోతే ఆ రోజు కూలీతో సహా పట్టుకుపోతాడు. అందుకే వీడు నొప్పి మాత్ర మింగి డ్యూటీకి వస్తాడు. మానకముందే మళ్లీ తలకు తగిలితే కోలుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది. కుర్రవాళ్లలో అరుదుగా ప్రాణానికే ముప్పు వస్తుంది.

మన దగ్గర ముప్పు ఎవరికంటే, చీర కట్టుతో బండి వెనక ఒక పక్కకు కూర్చున్న ఆడమనిషికి. ఆమె ఒళ్లోని పసిబిడ్డకు. వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరని చట్టం చెబుతున్నా, ముందున్నాయన హెల్మెట్ చూసి పోలీసు వదిలేస్తాడు. అది కూడా చాలాసార్లు పట్టీ బిగించనిదే. తర్వాత పరంజా మీద నిలబడే మేస్త్రీకి, బాత్‌రూంలో కాలు జారే పెద్దవాళ్లకు. రక్తం పలుచబడే మందులు వాడే వృద్ధులు తలకు చిన్న దెబ్బ తగిలినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

మన చట్టం సంగతి చూడండి. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం పన్ను విరిగితే అది తీవ్ర గాయం. మెదడు అదిరితే మాత్రం, 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పో, రోజువారీ పనులు చేసుకోలేని స్థితో ఉంటేనే ఆ కోవలోకి వస్తుంది. పూట గడవక మూడో రోజే పనిలోకి వెళ్లినవాడు తన గాయాన్ని తానే స్వల్ప గాయంగా రాయించుకున్నట్టు.

ఇంతకీ వైద్యం ఖరీదైనదేం కాదు. ఒకటి రెండు రోజుల విశ్రాంతి, ఆపై మెల్లగా పనిలోకి. పెద్దవాళ్లలో ఎక్కువమంది రెండు వారాల్లో, పిల్లలు నాలుగు వారాల్లో కోలుకుంటారు. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి.

విశ్రాంతికి డబ్బెవరిస్తారన్న ప్రశ్నకు జవాబు ఇప్పటికే ఉంది. ఈఎస్ఐ చట్టానికి 2010లో చేసిన సవరణ నాటి నుంచి, ఇంటి నుంచి డ్యూటీకి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా పనిలో తగిలిన గాయంగానే పరిగణిస్తారు. కనీసం మూడు రోజులు పని చేయలేని స్థితి ఉంటే జీతంలో 90 శాతం దాకా వస్తుంది. దానికి కావలసింది డాక్టర్ సర్టిఫికెట్. సాతంరాయి దగ్గర పడి వచ్చిన లోడర్‌కు స్కాన్ బాగుందని చెప్పి పంపేస్తే ఆ కాగితం పుట్టదు. డిశ్చార్జి చీటీలో ‘కంకషన్, ఇన్ని రోజులు విశ్రాంతి’ అని రాయడం డాక్టర్ బాధ్యత. ప్రమాదం సంగతి ఈఎస్ఐకి తెలియజేయడం కాంట్రాక్టరు బాధ్యత. కార్మిక శాఖ తనిఖీకి వచ్చినప్పుడు మొదట అడగాల్సింది ఆ రెండు కాగితాలే.