ఎగిరి పట్టేది ఒకడు, పరిగెత్తేది పదిమంది

మెల్‌బోర్న్ క్రికెట్ మైదానం అనగానే 2024 డిసెంబరులో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి కొట్టిన 114 పరుగులు గుర్తొస్తాయి. అదే మైదానంలో మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌దే హవా. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లిన బెజవాడ అమ్మానాన్నలకు మాత్రం మొదటిసారి చూస్తే అదంతా తోపులాటే!

జట్టుకు 18 మంది. కనీసం 15 మీటర్ల దూరం తన్నిన బంతిని, మధ్యలో ఎవరూ తాకకుండా, నేల మీద పడకముందే పట్టుకుంటే దాన్ని ‘మార్క్’ అంటారు. పట్టినవాడి మీద ఇక ఎవరూ పడకూడదు. నిదానంగా గురిచూసి తన్నుకోవచ్చు. గోలైతే 6 పాయింట్లు. అందుకే ఎదుటివాడి భుజాలెక్కి మరీ బంతి పట్టే ఫార్వర్డ్‌కే చప్పట్లన్నీ.

కాలవలో నీరు పారకపోతే శివారు చేను ఏం పండుతుంది? డెల్టా రైతుకు వేరే చెప్పాలా! ఇక్కడ ఆ కాలవ పని మిడ్‌ఫీల్డర్లది. మ్యాచ్‌కు ఒక్కొక్కరు 12 కిలోమీటర్లకు పైగా పరిగెడతారు. అంటే బెజవాడ నుంచి దాదాపు మంగళగిరి దాకా. కాళ్లు అలసి, తొందరపడి పైకి తన్నారో, బంతి దిగేలోపు ముగ్గురు డిఫెండర్లు ఫార్వర్డ్‌ను చుట్టేస్తారు. వేగంగా, నేరుగా అందిస్తే అతను తలపడాల్సింది ఒక్కడితోనే.

మిడ్‌ఫీల్డర్లకు ఊపిరి తీసుకునే వీలు ఆటగాళ్ల మార్పిడితోనే. 2021లో దాన్నీ మ్యాచ్‌కు 90 సార్ల నుంచి 75కి కుదించారు. దాంతో అలసినవాణ్ణి బెంచీకి పిలవకుండా కాసేపు గోలు దగ్గర నిలబెట్టే ఎత్తుకు విలువ పెరిగింది. అది కొత్తదేం కాదు. రిచ్‌మండ్ జట్టు డస్టిన్ మార్టిన్ అటు మధ్యలోనూ ఇటు ముందూ ఆడి, 2017, 2019, 2020 ఫైనళ్లు మూడింటిలోనూ ఉత్తమ ఆటగాడనిపించుకున్నాడు.