షుల్త్స్ గారూ, రెడ్డి గారూ

జర్మనీలో షుల్త్స్ అనే ఇంటిపేరుకు కొదవ లేదు. షుల్జె, షుల్ట్ అని ఇంకా నాలుగైదు రూపాలున్నాయి. పీనట్స్ బొమ్మలు గీసిన అమెరికన్ చిత్రకారుడు చార్లెస్ షుల్జ్ ఇంటిపేరూ ఇదే. ఒకప్పుడు మాత్రం అది ఇంటిపేరు కాదు, ఊరి పని. మూలం షుల్ట్‌హైస్. బాకీ అనే మాటకు ఆజ్ఞాపించడం అనే మాట అతుక్కుని పుట్టింది. దొరకు రావలసింది కట్టమని ఊళ్లో గడపగడపకూ చెప్పే మనిషన్నమాట.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో పెద్ద వయసు వాళ్లకు ఈ మనిషిని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. కరణం చేత లెక్క రాయించి, తలారిని పంపి, బకాయి ఉన్న రైతును చావిడి దగ్గరికి పిలిపించిన ఊరి రెడ్డే ఆయన. సర్కారు కాగితాల్లో మునసబు, ఊరి నోట్లో రెడ్డి.

షుల్ట్‌హైస్ మాట ఊరుకోలేదు, దేశాలు తిరిగింది. పోలెండులో సోల్తిస్ అయింది. అక్కడ ఈనాటికీ పల్లెజనం ఎన్నుకునే ఊరిపెద్ద ఆయనే. హాలెండులో స్కౌట్ అయింది. మన బడిపిల్లల స్కౌటుతో దీనికి చుట్టరికం లేదు. డచ్చి నౌకాదళంలో రియర్ అడ్మిరల్‌ను నేటికీ 'రాత్రిపూట స్కౌట్' అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. స్విట్జర్లాండులోని లూసర్న్‌లో మొన్నమొన్నటి దాకా రాష్ట్ర ప్రభుత్వానికి పెద్ద ఎవరో ఆయన్నే షుల్ట్‌హైస్ అనేవారు. ఒకే మాట ఒకచోట సర్పంచి, ఒకచోట సేనాని, ఒకచోట ముఖ్యమంత్రి లాంటివాడు. పుట్టిన జర్మనీలో మాత్రం ఎక్కువగా తలుపు మీద రాసుకునే పేరుగా మిగిలింది.

మన మాట నడిచిన దారీ పొడవైనదే. తూర్పు చాళుక్యుల రాగిరేకుల్లో రాజు తన దానం సంగతి ఊళ్లో 'రాష్ట్రకూట ప్రముఖుల'కు, కాపురస్థులకు చెబుతాడు. ఈ రాష్ట్రకూటులు మాన్యఖేటం రాజులు కారు, ఆ నాటి పెద్దలు. ఆ మాటే రట్టకూడ, రట్టగుడి, రట్టడి మీదుగా రెడ్డి అయిందని ఒక వాదం. పండితులందరూ దీనికి తల ఊపలేదు గాని, నాకు మాత్రం నమ్మబుద్ధి అవుతుంది. కడపలో కొలువు చేసిన బ్రౌను 1852 నాటి నిఘంటువులో రెడ్డి అంటే ఊరిపెద్ద అనే అర్థం ఇచ్చాడు. ఆ ఉద్యోగానికి మన పక్క 'రెడ్డిరికం' అని వేరే మాట కూడా ఉంది. రెడ్డిరికాన్ని వేరే కులాల వాళ్లు చేసిన ఊళ్లూ ఉన్నాయి. పనిని బట్టి వచ్చిన పేరు పుట్టుకకు ఎప్పుడు అంటుకుందో తేదీ వేసి చెప్పలేం.

జమ్మలమడుగు దగ్గరి గండికోట ఎక్కితే ఇంకో మాట ఎదురవుతుంది. పెమ్మసాని వారు అక్కడ నాయకులు. విజయనగర కాలంలో నాయకుడంటే సీమనేలి, రాయలకు సైన్యం పంపేవాడు. అదే మాట ఇంగ్లీషు పటాలంలో చేరి 'నాయక్' అయింది. చొక్కా చేతి మీద రెండు పట్టీలు, కార్పొరల్‌తో సమానం. పాపం, కార్పొరల్ కూడా పడినవాడే. ఇటలీ భాషలో తలకాయను చెప్పే 'కాపో' నుంచి వచ్చినవాడు. కెప్టెన్‌కూ మూలం లాటిన్‌లో తలే. మన సర్పంచి ముందున్న 'సర్' పారసీకంలో తల. అన్ని భాషలూ పెద్దరికాన్ని తల మీదే పెట్టుకున్నాయి.

అందరికంటే ఎక్కువ మెట్లు దిగినవాడు తలారి. నాగార్జునకొండ శాసనాల్లో మహాతలవరుడు రాజుకు వియ్యమందే హోదా. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి తోబుట్టువు చాంతిసిరి మహాతలవరుడి భార్య, ఆమె బిరుదు మహాతలవరి. ఆ తలవరుడే శతాబ్దాలు దొర్లి మన చావిడి ముందు కర్ర పట్టుకుని నిలబడ్డ తలారి అయ్యాడు. యూరపులో దీనికి సరిజోడు కానిస్టేబులు. లాటిన్‌లో గుర్రపుశాల అధికారి, ఫ్రాన్సులో రాజు తర్వాత సర్వసేనాని, ఇప్పుడు ప్రొద్దుటూరు శివాలయం వీధిలో ఆటోలను పక్కకు తోలే మనిషి. మార్షల్ కథ తిరగబడినది. గుర్రాలు తోమే పనివాడిగా మొదలై పటాలానికి పెద్ద అయ్యాడు. గుర్రపుశాలలో పుట్టిన రెండు మాటలు, ఒకటి ఎక్కింది, ఒకటి దిగింది.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. తరతరాలుగా కొడుకుకు వచ్చిన రెడ్డిరికం ఒక్క కాగితంతో పోయింది. పేరు చివర రెడ్డి మాత్రం చెక్కు చెదరలేదు. పని పోయినా గౌరవం నిలిచిన మాట అది. తలారికి జరిగింది దీనికి పూర్తిగా తిరగబడ్డ సంగతి. పని పోలేదు, పేరు మార్చారు. గ్రామ సేవకుడన్నారు, గ్రామ రెవెన్యూ సహాయకుడన్నారు. మండలాఫీసు ఫైళ్లలో ఇప్పుడు మూడు ఇంగ్లీషు అక్షరాలే, వీఆర్ఏ. పులివెందుల పక్క పల్లెలో పాసుపుస్తకం పని మీద తిరిగే రైతు మాత్రం ఇంకా, "తలారి యాడున్నాడబ్బీ?" అనే అడుగుతాడు.